ప్యూజెట్ సౌండ్‌లో మొదటి డైవ్ ఎక్కడ? అండమాన్‌లో నేర్చుకుని సియాటిల్‌లో దిగబోయేవాళ్లకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: సియాటిల్ పక్కనున్న బెల్లెవ్యూలో ఉంటున్నారు. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ (డైవింగ్ మొదటి మెట్టు) కోర్సు చేశారు, ఇప్పటికి మొత్తం 6 డైవ్‌లు. సియాటిల్ చుట్టుపక్కల ఒడ్డునుంచే దిగే చోట్లలో దేనితో మొదలుపెట్టాలి, ఏ నెలలు మంచివి, టైడ్ టేబుల్ ఎలా చూడాలి, 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ సరిపోతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. డ్రైసూట్ (లోపలికి నీరు చొరబడని సూట్) కోర్సు చేసి, నవంబరు నుంచి మార్చి మధ్యలో, పోటు నీళ్లు ఉన్న పగటిపూట, వెస్ట్ సియాటిల్‌లోని సీక్రెస్ట్ పార్క్ కోవ్ 2లో 12 మీటర్లు దాటకుండా దిగండి. తర్వాత రెడాండో, ఎడ్మండ్స్, హుడ్ కెనాల్‌ (పడమటి వైపు సముద్రపు పాయ)లో సండ్ రాక్, ఈ వరసలో వెళ్లండి. కీస్టోన్ జెట్టీ, డే ఐలాండ్ వాల్, డిసెప్షన్ పాస్ ప్రవాహం గట్టిగా ఉండే చోట్లు, ఎవరు ఎంత ఊరించినా ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

ఇక కారణాలు. సియాటిల్ ఒడ్డునున్న ప్యూజెట్ సౌండ్ బయటి పసిఫిక్‌లా అలలు విరిగే సముద్రం కాదు. హిమానీనదాలు చెక్కిన లోతైన పాయల్లోకి సముద్రం చొచ్చుకొచ్చింది. అలల బెడద దాదాపు లేదు కాబట్టి మన రుషికొండ దగ్గరలా కెరటం కొట్టి పడేస్తుందన్న భయం అక్కర్లేదు. కానీ ఆ నీరంతా రోజుకు రెండుసార్లు ఇరుకు దారుల గుండా లోపలికి రావాలి, రెండుసార్లు బయటికి పోవాలి. సియాటిల్ దగ్గర రోజులో ఎక్కువ పోటుకీ తక్కువ పాటుకీ మధ్య తేడా సగటున సుమారు 3.5 మీటర్లు. విశాఖలో పెద్ద ఆటుపోట్ల రోజున కూడా అది ఒకటిన్నర మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. కొత్తవాళ్లు "ఏ చోటు మంచిది" అని అడుగుతారు. ఇక్కడ చోటు కంటే ముందు గంట చూడాలి. ఒకే చోటు పది గంటలకు చెరువులా, పన్నెండింటికి ఏరులా ఉంటుంది.

టైడ్ టేబుల్ వేరు, కరెంట్ టేబుల్ వేరు

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. టైడ్ టేబుల్ నీటి ఎత్తు చెబుతుంది. కరెంట్ టేబుల్ నీటి వేగం, దిక్కు చెబుతుంది. పోటు పూర్తయిన నిమిషానికే నీరు ఆగిపోతుందని అనుకోవద్దు. కొన్ని ఇరుకు దారుల్లో ఎత్తు తగ్గడం మొదలయ్యాక కూడా నీరు ఇంకా లోపలికే పోతూ ఉంటుంది. అందుకని ప్రవాహం ఉన్న చోట్లకి నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) ఇచ్చే కరెంట్ అంచనాల్లో ఆ చోటుకి దగ్గరి స్టేషన్ పట్టుకుని "స్లాక్" (ప్రవాహం దాదాపు ఆగి దిక్కు మారే) సమయం చూడాలి. కీస్టోన్‌కి అడ్మిరాల్టీ ఇన్‌లెట్, టకోమా చోట్లకి టకోమా నేరోస్. ఇంకో చిన్న మెలిక: కొన్ని పట్టికలు ఏడాది పొడవునా స్టాండర్డ్ టైమ్‌లోనే ఇస్తాయి. వేసవి సమయానికి ఒక గంట కలపడం మర్చిపోతే సరిగ్గా స్లాక్‌కి గంట ముందే నీళ్లలో ఉంటారు.

ఆ గంట ఎంత తేడా చేస్తుందో లెక్క చూడండి. స్లాక్ నుంచి గరిష్ఠ వేగానికి సుమారు మూడు గంటలు. మొదటి గంట చివరికే గరిష్ఠంలో సగం, రెండో గంట చివరికి దాదాపు తొంభై శాతం వచ్చేస్తుంది. ఆ రోజు గరిష్ఠం 3 నాట్లు (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) అయితే స్లాక్ తర్వాత గంటకే ఒకటిన్నర నాట్లు. డ్రైసూట్, సిలిండర్ వేసుకున్న మనిషి ఒక నాటుకి ఎదురు ఈదితేనే కొన్ని నిమిషాల్లో ఆయాసం వస్తుంది, గాలి కరిగిపోతుంది. అర నాటు వరకు సుఖంగా ఈదవచ్చు అనుకుంటే దొరికే సమయం ఇలా ఉంటుంది:

గరిష్ఠం 1 నాటు అయితే స్లాక్‌కి అటూ ఇటూ గంట చొప్పున.
2 నాట్లు అయితే అటూ ఇటూ అరగంట.
4 నాట్లు అయితే అటూ ఇటూ పావుగంటకు కాస్త తక్కువ.

అంటే నాలుగు నాట్ల రోజున మొత్తం అరగంట కూడా లేదు. అందుకే డే ఐలాండ్ లాంటి చోట్ల అనుభవజ్ఞులు కూడా ఏడాదిలో కొన్ని రోజులే ఎంచుకుంటారు. డిసెప్షన్ పాస్‌లో వేగం 8 నాట్ల దాకా పోతుంది.

అమావాస్య పౌర్ణమిలకు పోటు ఎక్కువ, అష్టమికి తక్కువ అనే మన జాలర్ల లెక్క ఇక్కడ పూర్తిగా పనిచేయదు. ఈ తీరంలో రోజుకి వచ్చే రెండు పోట్లు, రెండు పాట్లు సమానంగా ఉండవు. చంద్రుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరంగా లేదా దక్షిణంగా ఉన్నాడన్నదాన్ని బట్టి ఆ తేడా పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి పంచాంగం చూసి బయల్దేరకండి, ఆ రోజు పట్టిక చూడండి. ఒక రోజులోనే ఒక స్లాక్ పక్కన నీరు పరుగెత్తుతుంది, ఇంకో స్లాక్ పక్కన మందంగా కదులుతుంది. రెండోది పట్టుకోవాలి.

సీక్రెస్ట్, రెడాండో, సండ్ రాక్‌లలో ప్రవాహం మామూలుగా తక్కువే, అందుకే వాటితో మొదలుపెట్టమన్నాను. అక్కడ పట్టిక చూడాల్సింది ఒడ్డు నడక కోసం. పాటు నీళ్లప్పుడు నాచు పట్టిన గుండ్రాళ్ల మీద ముప్పై నలభై కిలోల సామానుతో నడవాలి. గాయాలు నీళ్లలోనే కాదు, ఈ రాళ్ల మీదా అవుతాయి: చీలమండ బెణకడం, మోకాలు కొట్టుకోవడం. ఇంకో సౌకర్యం ఏంటంటే, ఇక్కడ బాగా లోతైన పాట్లు వేసవిలో పగలు వస్తాయి, చలికాలంలో రాత్రి వస్తాయి. చలికాలం పగటిపూట నీళ్లు గట్టు దగ్గరికే ఉంటాయి.

చలికాలమే ఎందుకు

"చలికాలంలో గడ్డకట్టుకుపోమా?" అని అందరూ అడుగుతారు. నీటి వేడి ఏడాదంతా 7 నుంచి 13 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. వేసవిలో పైపొర కొంచెం వెచ్చబడుతుంది గానీ 15 మీటర్ల కింద పెద్దగా తేడా తెలియదు. తేడా అంతా చూపులో ఉంది. వసంతంలో ఎండ పెరగ్గానే ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) విరగబూస్తుంది, పై నీళ్లు పచ్చి బఠానీ సూపులా మారతాయి, చూపు 2, 3 మీటర్లకు పడిపోతుంది. చలికాలంలో మంచి రోజున 10 మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. హావ్‌లాక్‌లో 20 మీటర్లు చూసిన కళ్లకు ఇది తక్కువే. అయినా పది మీటర్లలో జోడీ (తోడు డైవర్) కనిపిస్తాడు, రెండు మీటర్లలో కనిపించడు.

వేసవిలో దిగక తప్పకపోతే ఒక సంగతి తెలుసుకోండి: ఆ పచ్చపొర చాలాసార్లు పై 5 నుంచి 10 మీటర్లలోనే ఉంటుంది. దాని కింద నీరు తేటగా, కానీ చీకటిగా ఉంటుంది. కాబట్టి పట్టపగలైనా ఒక మంచి టార్చి, దానికి తోడు ఇంకో చిన్నది తప్పనిసరి. టకోమాలోని లెస్ డేవిస్ పీర్ దగ్గర వేసవిలో ఇంకో తంటా: రెయినియర్ కొండ హిమానీనదాలు కరిగి పుయాలప్ నది తెచ్చే బూడిద రంగు ఒండ్రు పైపొరను మజ్జిగలా చేస్తుంది.

చలికాలంలో జాగ్రత్త ఒకటే, వాన. గట్టి వాన పడితే సియాటిల్‌లో వాననీటితో కలిసి మురుగు కూడా కొన్ని చోట్ల సౌండ్‌లోకి పొంగుతుంది. పెద్ద వాన తర్వాత 48 గంటలు నగరం ఒడ్డున దిగకండి. ఆ వారాంతం హుడ్ కెనాల్‌కి పోవచ్చు. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి రెండో డైవ్ రెండు గంటల్లోపే మొదలవ్వాలి.

వెట్‌సూట్ సంగతి

7 మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో దిగేవాళ్లు ఉన్నారు. ఒక డైవ్, పాతిక ముప్పై నిమిషాలు, అంతే. సమస్య ఒంటికి చలి వేయడం మాత్రమే కాదు. 18 మీటర్ల లోతులో ఆ నియోప్రీన్ (వెట్‌సూట్ రబ్బరు) నలిగి సగం మందం కూడా ఉండదు, వెచ్చదనమూ పోతుంది, తేలే గుణమూ పోతుంది. చలికి ఊపిరి వేగం పెరుగుతుంది, వేళ్లు మొద్దుబారి బీసీడీ (గాలి నింపి తేలుడు సర్దుకునే జాకెట్) బటన్ ఏదో తెలియదు, బుర్ర మందగిస్తుంది. డైవ్ సాగేకొద్దీ కొత్తవాళ్లు తప్పులు చేయడానికి ఇదీ ఒక కారణం.

డ్రైసూట్ కోర్సు అంటే ఒక ఈతకొలను తరగతి, రెండు బయటి డైవ్‌లు. ముందే కొనకండి, అద్దెకు తీసుకుని నేర్చుకోండి. లోపల వేసుకునే బట్టల్లో నూలు ఒక్క పోగు ఉండకూడదు. చెమటకే తడిసి చల్లబడుతుంది. ఉన్ని లేదా పాలిస్టర్ పలుచటి పొర, దాని మీద మందపాటి అండర్‌సూట్, ఉన్ని మేజోళ్లు.

డ్రైసూట్‌లో తప్పు జరిగే చోట్లు ఇవి:

జిప్పు చివరి రెండు సెంటీమీటర్లు. వెనక జిప్పు అయితే జోడీయే మూయాలి, మీరు చేత్తో తడిమి చూసుకోవాలి. పూర్తిగా పడనిదానికి నడుము దాకా తడుస్తారు.

మెడ సీలు (నీరు రాకుండా మెడకు బిగిసి ఉండే పట్టీ). ఒక్క వెంట్రుక పాయ కింద ఇరుక్కుంటే నీరు కారుతుంది. పొడవు జుట్టు ఉన్నవాళ్లు అద్దంలో చూసుకోండి. మణికట్టు దగ్గర నరాలు ఉబ్బేలా పిడికిలి బిగిస్తే అక్కడ కూడా గాడి పడి కారుతుంది.

ఎగ్జాస్ట్ వాల్వ్ (సూట్‌లోని గాలిని బయటికి వదిలేది). ఎడమ భుజం మీద ఉంటుంది. పూర్తిగా తెరిచి ఉంచండి. పైకి వచ్చేటప్పుడు ఎడమ భుజమే శరీరంలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి, లేకపోతే గాలి బయటికి పోదు.

కాళ్లలోకి గాలి చేరడం. ఇదే అసలు ప్రమాదం. తల కిందికి వంచి రంధ్రాల్లోకి తొంగి చూస్తుంటే గాలి పాదాల్లోకి పోయి తలకిందులుగా పైకి లాక్కుపోతుంది. ఆలస్యం చేయకుండా మోకాళ్లు గుండెకు ముడుచుకుని ముందుకు పల్టీ కొట్టి, నిటారుగా వచ్చి గాలి వదలాలి. కొలనులో ఇది పదిసార్లు చేయించమని అడగండి.

సూట్‌లోకి గాలి ఒక్కో సెకను చొప్పున కొట్టాలి, బటన్ నొక్కిపట్టి ఉంచకూడదు. అది ఇరుక్కుపోతే గొట్టం లాగి ఊడదీయడం చేతొడుగులతోనే సాధన చేయాలి. నా అభిప్రాయం అడిగితే, నీటి ఒత్తిడికి సూట్ ఒంటిని నొక్కకుండా ఉండేంత గాలే ఉంచి, మిగతా తేలుడు బీసీడీతో చూసుకోండి. రెండు పద్ధతులూ నేర్పేవాళ్లు ఉన్నారు. మునగడానికి కట్టుకునే సీసం బరువు సరిగ్గా ఉంటే రెండూ పనిచేస్తాయి, బరువు ఎక్కువైతే ఏదీ పనిచేయదు.

బరువు, గాలి లెక్క

హావ్‌లాక్‌లో మూడు నాలుగు కిలోలు కట్టుకున్నవాళ్లు ఇక్కడ 10 నుంచి 14 కిలోలు కట్టాల్సి రావచ్చు. అది చూసి బెదరకండి. ఆ బరువంతా అండర్‌సూట్‌లోని గాలికి సమాధానం. కానీ "మునగడంలేదు" అని ఒడ్డున రెండేసి కిలోలు కలుపుకుంటూ పోవడం తప్పు. చాలాసార్లు మునగకపోవడానికి కారణం సూట్‌లో వదలని గాలి, కంగారులో బిగబట్టిన ఊపిరి. బరువు పరీక్ష డైవ్ చివర చేయండి: సిలిండర్‌లో 500 పీఎస్ఐ (పీడనం కొలత, సుమారు 35 బార్లు) మిగిలినప్పుడు, 4, 5 మీటర్ల లోతులో, బీసీడీ ఖాళీగా, సూట్‌లో కనీస గాలితో కదలకుండా నిలబడగలగాలి. ఎందుకంటే 80 ఘనపుటడుగుల అల్యూమినియం సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు గాలి బరువే సుమారు 2.7 కిలోలు. అది అయిపోయేసరికి సిలిండర్ తేలడం మొదలెడుతుంది. ఇక్కడ అద్దెకు స్టీల్ సిలిండర్లు దొరుకుతాయి. అవి ఖాళీ అయినా తేలవు కాబట్టి ఆ మేరకు సీసం తగ్గించుకోవచ్చు.

గాలి లెక్క: వెచ్చని నీళ్లలో నిమిషానికి 15 లీటర్లు పీల్చేవారు ఇక్కడ 20 పీలుస్తారనుకోండి. 18 మీటర్లలో పీడనం 2.8 బార్లు, అంటే నిమిషానికి 56 లీటర్లు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్లు నింపి 50 బార్లు కదపకుండా ఉంచితే వాడుకోవడానికి సుమారు 1650 లీటర్లు, అంటే అరగంట లోపే. అదే 12 మీటర్లలో 37 నిమిషాలు. మొదటి అయిదారు డైవ్‌లు 12 మీటర్లలోనే ఉండమనడం అందుకే. చూడాల్సినవన్నీ అక్కడ ఉన్నాయి కూడా.

చోట్ల గురించి

సీక్రెస్ట్ కోవ్ 2: పార్కింగ్, మెట్లు, డైవర్ల సందడి, అన్నీ ఉన్నాయి. అడుగు ఇసుక, మెల్లగా వాలుతూ వినోద డైవింగ్ పరిమితి దాటి కిందికి పోతుంది. అదే దీని మోసం: చెత్తగా పడేసిన దూలాలు, దుంగలు చూసుకుంటూ తెలియకుండానే 25 మీటర్లకు జారిపోతారు. దిగేముందే ఒడ్డు దిక్కు కంపాస్‌లో పెట్టుకోండి, లోతుకు కంప్యూటర్‌లో అలారం పెట్టుకోండి. చేపలు పట్టే పీర్ కిందికి పోవద్దు: గాలాలు, నైలాన్ తీగలు, పైన వాటర్ ట్యాక్సీ (ప్రయాణికుల పడవ). ఒక చిన్న కత్తి లేదా తీగ కోసే పరికరం చేతికందేలా ఉండాలి.

ఈ కోవ్‌కి ఒక చరిత్ర ఉంది. 2012 అక్టోబరు చివర ఒక డైవర్ ఇక్కడ ఒక జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్‌ను పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. చట్టప్రకారం అప్పటికి తప్పు కాదు. డైవర్లు గోల పెట్టారు, మరుసటి ఏడాది రాష్ట్రం ఏడు చోట్ల వాటి వేటను నిషేధించింది. సీక్రెస్ట్, రెడాండో, లెస్ డేవిస్, డే ఐలాండ్ అందులో ఉన్నాయి. ఆక్టోపస్‌ను వెతకాలంటే దాన్ని వెతకొద్దు, దాని ఎంగిలి వెతకండి: ఏ దుంగ కిందో పీత డిప్పలు, ఆల్చిప్పలు కుప్పగా కనిపిస్తే లోపల ఉన్నట్టే. టార్చి నేరుగా కంట్లో కొట్టకండి, చేయి పెట్టకండి. గుడ్లు కాచే తల్లి ఆరేడు నెలలు తిండి లేకుండా అక్కడే ఉండి, పిల్లలు బయటికి వచ్చాక చనిపోతుంది.

రెడాండో: సియాటిల్‌కి దక్షిణాన, డి మోయిన్స్ ఊరి పరిధిలో. ఇది సీసాల చోటు. ఏళ్ల తరబడి జనం పారేసిన గాజు సీసాల్లో చిన్న ఎర్ర ఆక్టోపస్‌లు కాపురం పెట్టాయి. అడుగు బురద, కాలికి తొడిగిన రెక్క (ఫిన్) ఒక్కటి తప్పుగా ఆడిస్తే వెనకవాడికి ఏమీ కనిపించదు. అందుకే తేలుడు అదుపు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. సీసాలను పైకి తేకండి, ఇల్లు కూల్చినట్టే.

ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్క్: 1970లో ఏర్పాటైంది, 27 ఎకరాలు. 1935లో ముంచిన పాత డ్రై డాక్ (ఓడలు మరమ్మతు చేసే వేదిక) దీని గుండె. స్వచ్ఛంద సేవకులు అడుగున తాళ్లతో దారులు కట్టారు, లోతు 14 మీటర్ల లోపే. ఇంత తేలికైతే దీన్నే మొదట ఎందుకు చెప్పలేదంటే, పక్కనే కింగ్‌స్టన్‌కి పోయే ఫెర్రీ. దక్షిణపు హద్దు దాటితే దాని ప్రొపెల్లర్ల దారి. అదీగాక పాటు నీళ్లప్పుడు చాలాసేపు పైన ఈదాలి, పార్క్ బయటి అంచున ప్రవాహం కూడా ఉంటుంది. ఇక్కడి లింగ్‌కాడ్ చేపలు పెద్దవి. డిసెంబరు నుంచి మార్చి దాకా మగచేప గుడ్ల ముద్దను కాపలా కాస్తుంది. తెల్లటి థర్మాకోల్ లాంటి ముద్ద కనిపిస్తే దూరంగా తిరగండి, మీ కాలి రెక్కలు కరవడానికి ఆ చేప వెనకాడదు.

సండ్ రాక్: హుడ్స్‌పోర్ట్ దగ్గర, ప్రైవేటు స్థలం గుండా దారి, రుసుము కట్టాలి, ముందే ఫోన్ చేసుకోవాలి. ప్రవాహం తక్కువ, రాతి గోడ, వుల్ఫ్ ఈల్‌లు (పాములా పొడవాటి చేపలు). ముసలి ముఖంతో భయపెట్టేలా ఉంటాయి గానీ వాటి జోలికి పోకపోతే మీ జోలికి రావు. హుడ్ కెనాల్ ముఖద్వారం దగ్గర అడుగు మెట్టుగా ఉండటంతో లోపలి నీరు తొందరగా మారదు. వేసవి చివరికి అడుగున ఆక్సిజన్ తగ్గుతుంది. దక్షిణపు గాలి గట్టిగా వీస్తే పైపొర ఉత్తరానికి జరిగి, కిందనున్న ఆ నీరు పైకి వస్తుంది. 2006 సెప్టెంబరులో చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయింది అలాగే. మీరు సిలిండర్‌తో పీలుస్తారు కాబట్టి మీకేం కాదు. కానీ లోతులో ఉండే చేపలన్నీ పైకి వచ్చి గుంపు కట్టి ఆయాసపడుతుంటే వాటిని తరమకుండా వదిలేయండి.

ముగించే వేళ

జోడీ కనిపించకపోతే ఒక్క నిమిషం చుట్టూ చూడండి, తర్వాత పైకి రండి. వణుకు మొదలైతే ఎంత గాలి ఉన్నా డైవ్ అయిపోయినట్టే. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు తెచ్చుకుని దిగేముందు తడి చేతొడుగుల్లో పోసుకుంటే పది నిమిషాలు కలిసొస్తుంది. పైకి వచ్చిన వెంటనే వేడినీళ్ల స్నానం మాత్రం వద్దు, ఒంట్లో ఇంకా నైట్రోజన్ ఉంది. కీళ్ల నొప్పి, తిమ్మిరి, అసాధారణ అలసట ఉంటే ఆక్సిజన్ పెట్టి 911కి ఫోన్ చేయండి. సియాటిల్‌లో వర్జీనియా మేసన్ ఆసుపత్రిలో హైపర్‌బారిక్ చాంబర్ ఉంది.

చివరగా, మనవాళ్లు తరచూ మర్చిపోయేది. పొద్దున డైవ్ చేసి, సాయంత్రం కుటుంబంతో కొండల అవతల ఉన్న లెవెన్‌వర్త్ బయల్దేరతారు. స్టీవెన్స్ పాస్ ఎత్తు 1238 మీటర్లు, స్నోక్వాల్మీ పాస్ 921. శరీరానికి అది విమానం ఎక్కినట్టే. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, రెండు లేదా అంతకంటే ఎక్కువైతే 18 గంటలు ఆగాలి. శనివారం మధ్యాహ్నం రెండింటికి రెండో డైవ్ ముగిస్తే, ఆదివారం ఉదయం ఎనిమిది తర్వాత కొండ ఎక్కండి.